బాబాయి స్పూళ్ళు, పాటల వెనక పేర్లు

బాబాయి పోయాక పిన్ని ఫోన్ చేసి, "ఆయన స్పూళ్ళన్నీ నువ్వు తీసుకెళ్ళమ్మా, వాటి సంగతి నీకు తప్ప ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు" అంది. వెళ్ళి తెచ్చుకున్నాను. చదరంగా ఉండే అట్టపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో స్పూలు, అంటే రికార్డింగ్ టేపు చుట్టిన చక్రం, పెట్టె వీపు మీద నీలం ఇంకుతో బాబాయి రాత. మొదటి పెట్టె మూత తీయగానే ఆ వాసన వచ్చింది. పాత టేపు వాసన ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎరగనివాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలీదు. కొంత ప్లాస్టిక్, కొంత తుప్పు, కొంత గాలాడని గది. తుప్పు అని ఊరికే అనడం లేదు, గోధుమరంగు టేపు మీద ఉండేది ఐరన్ ఆక్సైడ్ పొడే.

ఇంకో పెట్టెలోంచి మాత్రం గుప్పుమని వెనిగర్ వాసన కొట్టింది. అది చూసి నాకు గుండె జారిపోయింది, ఎందుకంటే దాని అర్థం బాబాయే ఒకప్పుడు చెప్పాడు. బాగా పాతకాలపు టేపులు అసిటేట్ మీద తయారయ్యేవి. ఆ అసిటేట్ విరిగిపోవడం మొదలైతే ఎసిటిక్ యాసిడ్ బయటికొస్తుంది, ఆ ఆవిరి పక్కనున్న టేపుల్ని కూడా పాడుచేస్తుంది. ఆ స్పూలుని వెంటనే తీసి వేరే గదిలో పెట్టాను. ఆ రాత్రి మిగతావాటి జోలికి వెళ్ళలేకపోయాను, పెట్టెల మీది రాతలు చదువుకుంటూ కూర్చున్నాను.

* * *

బాబాయి స్టూడియోలో టేప్ ఆపరేటర్‌గా చేరాడు. మెషిన్ ఆన్ చేయడం, టేపు ఎక్కించడం, ఇంజనీర్ చెప్పిన చోటికి వెనక్కి తిప్పడం, ఏ టేకు ఎక్కడ మొదలైందో కాగితం మీద రాయడం, ఇదీ పని. తర్వాత ఎప్పటికో అసిస్టెంట్ ఇంజనీర్ అయ్యాడు. పాటలు పాడినవాడు కాదు, రాసినవాడు కాదు, ఏ రికార్డు మీదా ఆయన పేరు లేదు. కానీ పాటంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే.

సెలవులకి వాళ్ళింటికి వెళ్తే సాయంత్రం ఆయన స్నానం చేసి వచ్చేదాకా నేను స్పూల్ ప్లేయర్ ముందు కాచుకుని కూర్చునేదాన్ని. పాట పెట్టడానికి ముందు చేయాల్సిన పనులు చాలా ఉండేవి. దూది చుట్టిన పుల్లని స్పిరిట్‌లో ముంచి, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు తుడవాలి, టేపుని లాగే పించ్ రోలర్ తుడవాలి, ఆ దూదికి గోధుమరంగు మరక అంటితే ఇంకో పుల్ల తీసుకోవాలి. ఆ మరక అంతా పాటల్లోంచి రాలిందేనమ్మా అనేవాడు. తర్వాత టేపు కొసని నా చేతికిచ్చి దారి చూపించేవాడు, ఈ పక్కనుంచి, హెడ్డు ముందునుంచి, రోలర్ సందులోంచి, అవతలి స్పూలు మీద రెండు చుట్లు. బటన్ నొక్కగానే టక్కుమని ఒక చప్పుడు, తర్వాత మొదట్లో అతికించిన ఖాళీ తెల్లటి లీడర్ టేపు వెళ్తున్నంతసేపూ ఏమీ ఉండదు, ఆ తర్వాత సన్నగా హిస్సు మొదలవుతుంది. ఆ హిస్సు వినపడితే చాలు, పాట వచ్చేస్తోందని ఒళ్ళు ఝల్లుమనేది. ఇప్పటికీ నిశ్శబ్దంలోంచి ఉన్నట్టుండి మొదలయ్యే పాట వింటే నాకు ఏదో ఒక మెట్టు తప్పిపోయినట్టే ఉంటుంది.

కొన్ని స్పూళ్ళలో ఇంకో వింత ఉండేది. పాట మొదలవడానికి ఒక క్షణం ముందు అదే పాట ఎక్కడో దూరంగా, చాలా సన్నగా వినిపించేది. నాకది భయంగానూ ఉండేది, ఇష్టంగానూ ఉండేది. పాటకి ముందే పాట ఎలా వస్తుంది బాబాయ్ అని అడిగాను. చుట్టిపెట్టిన టేపులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకి కొంచెం అంటుకుంటుందని, దాన్ని ప్రింట్ త్రూ అంటారని చెప్పాడు. అందుకే స్టూడియోల్లో టేపు పూర్తిగా ప్లే అయ్యాక వెనక్కి చుట్టకుండా, చివరి కొస బయటికి ఉండేట్టే దాస్తారట. అలా చేస్తే అంటుకున్న శబ్దం ఎక్కువగా పాట వెనకాల వస్తుంది, వచ్చినా అసలు శబ్దం చాటున దాగిపోతుంది. ఇన్నేళ్ళ తర్వాత పెట్టెలు విప్పి చూస్తే ప్రతి స్పూలూ అలాగే ఉంది, తోక బయటికి. ఇంట్లో విన్నప్పుడు కూడా ఆ క్రమశిక్షణ తప్పలేదు.

* * *

నా సొంత లోకం మాత్రం క్యాసెట్లది. బాబాయికి క్యాసెట్ అంటే పెద్ద గౌరవం ఉండేది కాదు. స్టూడియోలో టేపు సెకనుకి 38 సెంటీమీటర్లు పరిగెడుతుంది, మీ క్యాసెట్‌లో ఐదు సెంటీమీటర్లు కూడా నడవదు, అందులోనూ నాలుగు మిల్లీమీటర్లు లేని వెడల్పులో రెండు వైపులా స్టీరియో ఇరికించాలి, పాపం దానికి ఊపిరెక్కడ ఆడుతుంది అనేవాడు. నిజమే. 1963లో ఫిలిప్స్ వాళ్ళు క్యాసెట్‌ని బయటికి తెచ్చినప్పుడు అది ప్రధానంగా మాటలు రికార్డు చేసుకోవడానికే. పాటలు తర్వాత వచ్చి అందులో కాపురం పెట్టాయి.

కానీ ఆ ఊపిరాడని డబ్బాతోనే మా తరం పెరిగింది. రేడియోలో పాట వస్తుందని తెలిసి, ప్లే, రికార్డు రెండు బటన్ల మీద రెండు వేళ్ళు పెట్టి, అనౌన్సర్ గొంతు ఎప్పుడాగుతుందా అని ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం. పాట చివర ఆవిడ మళ్ళీ మాట్లాడేస్తుంది, ఆ మొదటి అక్షరం టేపులో పడిపోతుంది, ఇక జీవితాంతం ఆ పాట ఆ అక్షరంతోనే ముగుస్తుంది. ఇప్పుడు అదే పాట శుభ్రంగా వింటున్నా నా చెవి చివర్లో ఆ అక్షరం కోసం ఎదురుచూస్తుంది. క్యాసెట్ వీపున ఉండే చిన్న పలకల్ని విరగ్గొట్టేస్తే దాని మీద మళ్ళీ రికార్డు చేయడం కుదరదు. మనసు మారితే ఆ కంత మీద కాగితం అంటించాలి. టేపు బయటికొచ్చి చిక్కుపడితే పెన్సిల్‌తో మెల్లగా తిప్పి లోపలికి చుట్టాలి. మడత పడిన చోట పాట ఒకసారి మునిగి తేలేది.

నచ్చని పాటని దాటెయ్యడం అంత తేలిక కాదు అప్పట్లో. ఫార్వర్డ్ నొక్కి, ఆపి, విని, ఎక్కువ ముందుకెళ్ళిపోతే వెనక్కి తిప్పి, ఇదంతా ఎందుకని ఆ పాట కూడా వినేసేవాళ్ళం. నాకు ఇవాళ ప్రాణంగా ఉన్న పాటల్లో చాలావరకు అలా బలవంతంగా విన్నవే. మొదటి పదిసార్లు పట్టని పాట పదకొండోసారి ఎందుకు పట్టుకుంటుందో చెప్పలేను గానీ, పట్టుకుంటుంది. వేలితో తోసేసే వీలున్నచోట ఆ పదకొండోసారి రాదు.

ఇక క్యాసెట్ డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం. నా జ్ఞాపకాల్లో దానికి పెద్దపీట. పైన బొమ్మ, వెనక పాటల వరస, అన్నిటికన్నా లోపలి మడతలో చీమల బారులా పేర్లు. వేణువు ఎవరు, తబలా ఎవరు, బేస్ గిటార్ ఎవరు, రికార్డింగ్ ఎవరు, మిక్సింగ్ ఎవరు, ఏ స్టూడియో. అన్ని క్యాసెట్లలో ఉండేది కాదు, ఉన్నవి మాత్రం కళ్ళు నొప్పెట్టేదాకా చదివేదాన్ని. చదివి చదివి ఒకే పేరు రెండు మూడు ఆల్బముల్లో తగిలితే, ఓహో, ఆ రెండు పాటల్లోనూ డ్రమ్స్ అంత పొడిగా, దగ్గరగా వినిపించడానికి ఈయనే కారణమా అని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో. పాట ఒక్కరు చేసేది కాదని, ఒక గది నిండా మనుషులు కలిసి చేసేదని నాకు తెలిసింది ఆ కాగితాల వల్లే.

* * *

బాబాయి చెప్పిన సంగతుల్లో నాకు బాగా ఇష్టమైనవి బ్లేడు కథలు. ఒక టేకులో పల్లవి బాగుంటుంది, ఇంకో టేకులో చరణం బాగుంటుంది. అప్పుడు టేపుని చేత్తో హెడ్డు మీద ముందుకీ వెనక్కీ లాగుతూ, ఊ... ఊ... అని ఆ మూలుగులోంచి సరైన చోటు పట్టుకుని, పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించాలి. నిటారుగా కోస్తే టక్కుమని చప్పుడు వినపడుతుంది, ఏటవాలుగా కోస్తే ఒక శబ్దంలోంచి ఇంకో శబ్దంలోకి మెత్తగా జారుతుంది. అన్‌డూ లేదు. కోసిన ముక్కలు పారేయకుండా మెడలో వేసుకుని తిరిగేవాళ్ళట, ఏ ముక్క మళ్ళీ కావాల్సొస్తుందోనని.

ఆయన గురువు ఒకాయన చెప్పిన క్వీన్ బృందం కథ కూడా ఎన్నిసార్లు అడిగి చెప్పించుకున్నానో. 1975లో వాళ్ళు బొహీమియన్ రాప్సొడీ చేసినప్పుడు గొంతు మీద గొంతు, గొంతు మీద గొంతు ఎక్కిస్తూ, టేపు మీద ఒక్కో శబ్దానికి విడిగా ఉండే ట్రాకులు చాలక కలిపి మళ్ళీ రికార్డు చేస్తూ ఆ టేపుని ఎంతగా తిప్పారంటే, ఆక్సైడ్ అరిగిపోయి వెలుతురుకి అడ్డం పెడితే అవతలివైపు కనపడిందట. పాట కోసం టేపు అరిగిపోయిందన్న ఆ సంగతి వింటే ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి.

ఇంకా వెనక్కి వెళ్తే మైకే లేని కాలం ఉంది. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డింగ్ మొదలయ్యేదాకా, పాడేవాళ్ళు పెద్ద గొట్టంలోకి నోరు పెట్టి గట్టిగా పాడాల్సిందే. డెబ్బై ఎనిమిది స్పీడు రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. గంటలకొద్దీ సాగే గానాన్ని అందులో పెట్టాలి. 1902లో గ్రామఫోన్ కంపెనీ రికార్డింగ్ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. ఆవిడ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, జర్మనీలో హనోవర్ వెళ్ళి అక్కడ అచ్చవ్వాలి, అక్కడివాళ్ళకి ఇది ఎవరి పాటో తెలియాలి కదా. నేనైతే ఆ రికార్డు మొదటిసారి విన్నప్పుడు పాట కంటే ఆ చివరి మాటకే చలించిపోయాను. అంతటి గాయని తన పేరు పోకుండా తన గొంతుతోనే కట్టుదిట్టం చేసుకుంది.

* * *

టీవీలో పాటల వీడియోలు వచ్చాక ఇల్లు మారిపోయింది. అమెరికాలో పాటల వీడియోల ఛానెల్ ఎంటీవీ 1981 ఆగస్టు 1న మొదలైంది. మాదాకా ఆ గాలి చేరడానికి చాలాకాలం పట్టింది గానీ, చేరాక మాత్రం పాట అంటే చూసేది అయిపోయింది. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. 1985లో వచ్చిన ఆ-హా బృందం వీడియోలో పెన్సిల్ గీతల మనిషి కాగితంలోంచి చెయ్యి చాపి అమ్మాయిని లోపలికి లాక్కుంటాడు చూడండి, ఆ బొమ్మలన్నీ ఒక్కో ఫ్రేమూ చేత్తో గీసినవి. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్ వీడియో దాదాపు పద్నాలుగు నిమిషాలు, జాన్ లాండిస్ అనే సినిమా డైరెక్టర్ తీశాడు. అదేదో పాటకి ప్రచారం అనుకుంటే పొరపాటు, అది ఒక కళ, ఇప్పటికీ నా నమ్మకం అదే.

బాబాయి నా పక్కన కూర్చుని కాసేపు చూసి, "బాగుంది, ఇప్పుడోసారి కళ్ళు మూసుకుని విను" అనేవాడు. మూసుకుంటే అప్పటిదాకా వినపడని కీబోర్డ్ ఏదో వెనకాల కదులుతూ వినిపించేది. అప్పట్నుంచి ప్రతి వీడియోనీ రెండుసార్లు, ఒకసారి చూసి, ఒకసారి మూసుకుని వినడం అలవాటైంది.

వీడియో మొదట్లోనూ చివర్లోనూ కింద ఎడమ మూలన నాలుగు వరసలు పడేవి. పాడినవాళ్ళు, పాట, ఆల్బమ్, కంపెనీ. పదేళ్ళకి పైగా అందులో తీసినవాళ్ళ పేరు లేదు, 1992లో గానీ ఎంటీవీ డైరెక్టర్ పేరు వేయడం మొదలుపెట్టలేదు. అంతమందిని టీవీల ముందు కట్టిపడేసిన మనుషులకి ఒక్క వరస ఇవ్వడానికి అంతకాలం పట్టింది. వాయించినవాళ్ళ పరిస్థితి అంతకంటే ఘోరం. డెట్రాయిట్ మోటౌన్ కంపెనీ పాటలకి ప్రాణం పోసిన ఫంక్ బ్రదర్స్ అనే వాద్యకారుల బృందం ఏళ్ళ తరబడి ఒక హిట్టు తర్వాత ఒక హిట్టు వాయించారు, రికార్డు అట్టల మీద మాత్రం వాళ్ళు లేరు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ వాట్స్ గోయింగ్ ఆన్ మీద గానీ వాళ్ళ పేర్లు పడలేదు. వాళ్ళలో ఒకడైన జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్‌ని అప్పటికే ప్రపంచమంతా విని ఊగింది, ఎవరి వేళ్ళో తెలియకుండానే.

* * *

సీడీలు వచ్చినప్పుడు బాబాయి చాలా సంతోషించాడు, నాకది ఆశ్చర్యం. హిస్సు లేకుండా ఒక వీణ తీగ పూర్తిగా ఆరిపోయేదాకా వినగలగడం ఆయన జీవితమంతా కోరుకున్నదట. హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టి, విను, ఇంకా ఉంది, ఇంకా ఉంది, అని వేలు ఎత్తి పట్టుకున్నాడు. కొన్నేళ్ళకి ఆ సంతోషం పోయింది. అన్ని పాటలకన్నా మన పాట గట్టిగా వినపడాలన్న పోటీలో మెల్లటి శబ్దాల్ని కూడా పైకి నెట్టేసి అంతా ఒకే మట్టానికి తెచ్చేశారు. ఇంత నిశ్శబ్దం ఇచ్చిన డబ్బాలో ఇంత రొద నింపుతారేంటి అని బాధపడేవాడు.

తర్వాత కంప్యూటర్లు, పాటని చిన్న ఫైలుగా కుదించే ఎంపీ3లు, 1999లో ఆ ఫైళ్ళని ఇంటర్నెట్‌లో ఒకరికొకరు పంచుకునే నాప్‌స్టర్. పాటలు ఉచితంగా వచ్చాయని, పరిశ్రమ కూలిపోయిందని అందరూ చెప్పేదే, దాని మీద నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాకు నొప్పి కలిగించింది ఇంకోటి. ఆ కాగితం పోయింది. మామూలు ఆడియో సీడీలో పాటల పేర్లే ఉండవని చాలామందికి తెలీదు. కంప్యూటర్‌లో వేస్తే అది ట్రాకుల నిడివి కొలిచి, ఇంటర్నెట్‌లో ఎవరో ఎక్కించిన జాబితాతో పోల్చి పేర్లు తెచ్చేది, దొరక్కపోతే "ట్రాక్ 01, అన్‌నోన్ ఆర్టిస్ట్". ఎంపీ3 ఫైలు చివర పాట వివరాలతో అతికించే మొదటి తరం ఐడీ3 ట్యాగ్ మొత్తం 128 బైట్లు. పాటకి 30 అక్షరాలు, ఆర్టిస్టుకి 30, ఆల్బముకి 30, సంవత్సరానికి నాలుగు, ఒక చిన్న వ్యాఖ్య, పాట ఏ రకమో చెప్పే ఒక జానర్ అంకె. అంతే. రాసినవాళ్ళకి గడి లేదు, వాయించినవాళ్ళకి లేదు, ఇంజనీర్‌కి లేదు. ఎవరూ పగబట్టి చేసింది కాదు, చోటు కోసం ఆలోచించినవాళ్ళకి ఆ మనుషులు తట్టలేదు. తర్వాతి తరం ట్యాగుల్లో గడులు పెరిగాయి, కానీ అప్పటికే కోట్ల ఫైళ్ళు పేర్లు లేకుండా ప్రపంచమంతా తిరిగేశాయి, నింపే ఓపిక ఎవరికీ లేదు.

ఇప్పుడు స్ట్రీమింగ్‌లో దొరకని పాట అరుదు, అది నిజంగా గొప్ప విషయం, బాబాయి చిన్నప్పుడు ఒక్క రికార్డు వినడానికి ఎవరింటికో వెళ్ళి గుమ్మంలో నిలబడేవాడు. స్పాటిఫై 2018లో క్రెడిట్స్ అని ఒక పేజీ పెట్టింది. మంచిదే. కానీ అది వెతుక్కుని నొక్కితే గానీ రాదు, వచ్చినా చాలా పాటలకి సగమే ఉంటుంది. పేరు పోవడం అంటే పరువు పోవడమొక్కటే కాదు, డబ్బూ పోతుంది. అమెరికాలో రాసినవాళ్ళెవరో, హక్కుదారులెవరో జతపడక స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర పోగుపడిపోయిన దాదాపు 42 కోట్ల 40 లక్షల డాలర్లని 2021లో ఆ డబ్బు హక్కుదారులకి పంచే మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్ అనే సంస్థకి అప్పగించాల్సి వచ్చింది. వినేవాళ్ళు విన్నారు, డబ్బు వచ్చింది, ఇవ్వాల్సిన మనిషి పేరు మాత్రం పాటతో లేదు.

* * *

స్పూళ్ళని ఇప్పుడు ఒక స్నేహితుడి సాయంతో డిజిటల్ చేయిస్తున్నాను. కొన్ని టేపులు ఎక్కించగానే కీచుమని అరిచి ఆగిపోయాయి. ఆక్సైడ్‌ని పట్టి ఉంచే జిగురు తేమ పీల్చుకుని జిగటగా మారితే అలా అవుతుందట. వాటిని 50, 55 డిగ్రీల సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచితే కొన్నాళ్ళపాటు మళ్ళీ పలుకుతాయి, ఆలోపు కాపీ తీసుకోవాలి. వెనిగర్ వాసన వచ్చిన అసిటేట్ టేపుకి మాత్రం ఈ వైద్యం పనికిరాదు, వేడి తగిలితే ఇంకా పాడవుతుంది. దాన్ని ఉన్నదున్నట్టుగా, చాలా మెల్లగా తిప్పి సగం పైగా రాబట్టాం.

ఒక స్పూల్లో పాట లేదు, పాటకి ముందు జరిగిందంతా ఉంది. కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారు, ఎవరో దగ్గారు, ఇంతలో కంట్రోల్ గదిలోంచి మాట్లాడే టాక్‌బ్యాక్ మైకులో కుర్రగొంతు, "టేక్ మూడు" అని. బాబాయిది. నేను పుట్టకముందటి గొంతు. పిన్నికి ఫోన్లో వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మళ్ళీ పెట్టమంది.

ప్రతి పెట్టెలోనూ ఒక ట్రాక్ షీటు ఉంది. ఏ ట్రాకులో ఏ వాయిద్యం, ఎవరు వాయించారు, ఎన్నో టేకు ఓకే అయింది, అన్నీ రాశాడు. అక్కడక్కడ ఒక పేరు కొట్టేసి ఇంకోటి రాసి ఉంది, అంటే ఆ రోజు రావాల్సినవారు రాలేదు, ఇంకెవరో వచ్చి వాయించారు. అచ్చయిన కాగితాల్లో ఆ మార్పు ఎక్కడా లేదు. ఇంతకాలం మనం ఒకరి వేణువు అనుకుని వింటున్నది ఇంకొకరిదని నాకు బాబాయి రాతలో తెలిసింది. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఆ వాయించినాయన కొడుకుని వెతికి పట్టుకుని షీటు ఫోటో పంపించాను. నాన్న చెప్పేవాడండీ, మేమే నమ్మలేదు అన్నాడు.

ఈ షీట్లన్నీ ఒక్కొక్కటిగా పాటల వివరాలు దాచే డిస్కాగ్స్, మ్యూజిక్‌బ్రెయిన్జ్ వెబ్‌సైట్లలో ఎక్కిస్తున్నాను. రెండూ మనలాంటి వాళ్ళు నింపేవే, ఎవరైనా ఖాతా తెరిచి పేర్లు చేర్చొచ్చు. మీ ఇళ్ళల్లో పాత క్యాసెట్లు, రికార్డులు ఉంటే, వినడానికి మెషిన్ లేకపోయినా సరే, లోపలి కాగితాన్ని మడత పూర్తిగా విప్పి రెండువైపులా ఫోటో తీసి ఎక్కించండి. చిన్న అక్షరాలు మసకబారకుండా పగటి వెలుతుర్లో తీయండి. ఎలా ఎక్కించాలో తెలియకపోతే నాకు పంపండి, నేను కూర్చుని టైప్ చేస్తాను.